దాహంలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

మొన్నటి శనివారంతో నాకు డయాలసిస్ మొదలై ఏడాది నిండింది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున యంత్రం పక్కన గడిచిన ఈ సంవత్సరంలో నాకు ఆసరాగా నిలిచిన ప్రతి ఒక్కరి ఇంటికీ వచ్చి నమస్కరించే ఓపిక లేదు కనుక, ఈ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఈ కిడ్నీ జబ్బులో సూదిపోటు కన్నా కఠినమైనది దాహం. మూత్రం దాదాపు ఆగిపోయినవారికి తాగిన నీరు ఒంట్లోనే నిలిచి, ఊపిరితిత్తుల దాకా చేరి ఆయాసం తెస్తుంది. అందుకని డాక్టరుగారు నాకు రోజుకు ముప్పావు లీటరని హద్దు పెట్టారు. మజ్జిగ, చారు, మాత్రలు మింగే నీళ్ళు అన్నీ అందులోనే. విజయవాడ మే నెల ఎండల్లో, పొద్దున కొలిచి పోసుకున్న సీసా మధ్యాహ్నానికే సగం ఖాళీ అయితే, సాయంత్రం దాకా నాలుక మీద ఐసుముక్క పెట్టుకుని ఆ సీసా వంకే చూస్తూ కూర్చునేదాన్ని. పరామర్శకు వచ్చినవారు ప్రేమగా కొబ్బరి బొండాలు తెచ్చేవారు. వాటిలోని పొటాషియం మాకు ప్రమాదమని చెప్పడానికి మొహమాటపడి, వారు వెళ్ళాక పక్కింటి పిల్లలకు ఇచ్చేవాళ్ళం.

ఆ రోజుల్లోనే ఒక బంధువు "ఏ పాపం చేశావో ఆలోచించుకో" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. మా విచారణ (మా చర్చి పరిధి) గురువులకు చెప్పుకుంటే, ఫాదర్ గారు ఏ ఉపదేశమూ చేయకుండా యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తెరిచి చేతికిచ్చారు. పుట్టుగుడ్డి విషయంలో పాపం ఎవరిదని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు చెప్పిన చోటు అది. తర్వాతి మొదటి శుక్రవారం దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తెచ్చినప్పుడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఐదోది గుర్తుచేశారు: "నాకు దాహమగుచున్నది." చిన్నప్పటి నుంచి ప్రతి పవిత్ర శుక్రవారం విన్నదే అయినా, అది నాలుక అంగిటికి అంటుకుపోయే మామూలు దాహమని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. మదర్ తెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీ ప్రార్థనాలయాల్లో సిలువ పక్కన రాసి ఉండేదీ ఆ మాటే.

ఆ తర్వాత దాహమేమీ తగ్గలేదు. అయితే ఆపుకున్న ప్రతి గుక్కనూ ఎవరో ఒకరి పేరున, ఎక్కువగా మా పక్క మంచం మీద ఉండే ఇంటర్ చదివే అబ్బాయి పేరున, దేవునికి అర్పించడం అలవాటైంది. క్రీస్తు పడిన పాట్లలో కొదువైన దాన్ని తన శరీరంలో పూర్తిచేస్తున్నానని పునీత పౌలు కొలొస్సీయులకు రాసినప్పుడు, ప్రభువు బలిలో లోటుందని ఆయన ఉద్దేశం కాదని, అందులో మనకూ వంతు దొరికిందని మాత్రమేనని ఫాదర్ గారు విడమరచి చెప్పారు. బాధను కోరి తెచ్చుకొమ్మని శ్రీసభ (మన కతోలిక సంఘం) చెప్పదు; మందులు వేసుకుంటూనే అర్పించుకోవాలి.

1981లో తుపాకి గుళ్ళ గాయాలు అనుభవించిన పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు, 1984 ఫిబ్రవరి 11న, మన గుణదలలో ఏటా లూర్దుమాత ఉత్సవం జరిగే రోజునే, బాధను గురించి ఒక లేఖ వెలువరించారు. అందులో చివరకు మంచి సమరీయుని కథ దగ్గరికి వచ్చి, మనిషిలోని ప్రేమను బయటికి రప్పించడానికే బాధ లోకంలో ఉన్నదన్న భావం చెబుతారు. అది చదవగానే నాకు మా గుమ్మం ముందు ఆగే ఆటో కళ్ళముందు మెదిలింది.

ఆ ఆటో నడిపే భాయ్ నాలుగు గంటలూ ఆసుపత్రి బయట చెట్టు కింద కాచుకుని ఉండి కూడా వెయిటింగ్ డబ్బులు ఏనాడూ తీసుకోలేదు. రంజాన్ నెలలో ఆయన పెదవులూ ఎండిపోయి ఉండేవి. "అమ్మా, ఈ నెల మనిద్దరిదీ ఒకటే పని" అని నవ్వేవారు. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్ళు వార్చి, నాకోసం వేరే గిన్నెలో చప్పగా వండి పంపిన పక్కింటి పిన్నిగారికి, డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ అయిన రాత్రి మంచం పక్కనే జపమాల చెబుతూ కూర్చున్న మఠకన్యలకు, ఆరోగ్యశ్రీలో రాని మందులను పేరు చెప్పకుండా కొనిచ్చిన విచారణ పెద్దలకు, మొదటి రోజు వణుకుతున్న నా చేతిని వదలకుండా పట్టుకున్న నర్సమ్మకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

వచ్చే ఆదివారం రెండో దివ్యబలిపూజ మీ అందరి కోసం అర్పిస్తున్నారు. పూజ అయ్యాక గుడి ఆవరణలో మజ్జిగ ఏర్పాటు చేశాం, అందరూ తృప్తిగా తాగి వెళ్ళండి. నా కొలత గ్లాసు నేను ఇంటి నుంచే తెచ్చుకుంటాను.