విషయం: అధిక పీడన మెంబ్రేన్లపై మా ఫిర్యాదుకు నేటికీ జవాబు లేకపోవడం

సర్వీసు విభాగాధిపతి గారికి,

పాశమైలారంలోని మా మందుల ఫ్యాక్టరీ నుంచి చుక్క వ్యర్థజలం కూడా బయటికి పోకూడదు. అందుకే ఆర్‌ఓ (పీడనంతో నీటిని పొరగుండా తోసి ఉప్పు వేరుచేసే యంత్రం) వదిలేసిన చిక్కటి ఉప్పునీటిని, మరిగించి ఆవిరి చేసే ఎవాపరేటర్‌కు పంపేలోపు మరోసారి వడకట్టడానికి మీ మెంబ్రేన్లు (వడపోత పొరలు) కొన్నాం. సముద్రజలానికి రెండింతలు ఉప్పున్న నీటికి ఆస్మాటిక్ పీడనమే, అంటే వడపోత మొదలవ్వాలంటే దాటాల్సిన ఒత్తిడే, 50 బార్లు దాటుతుందని, తమ సరుకు 100 బార్లకు పైగా తట్టుకుంటుందని మీ సేల్స్ ప్రతినిధే చెప్పారు. అవి వేసవి గడవకముందే చతికిలపడ్డాయి. యంత్రమన్నాక చెడుతుంది, దానికి మేము నొచ్చుకోలేదు.

మీ టోల్‌ఫ్రీ నంబరులో పలికిన అమ్మాయి, ఇంట్లో వాడే ప్యూరిఫైయరా అని అడిగి, క్యాండిల్ మార్చి చూడమన్నది. ప్రాంతీయ కార్యాలయం డీలరును అడగమంటే, వారంటీ సంగతి హెడ్డాఫీసుకే తెలుసని డీలరు చేతులు దులుపుకున్నారు. హెడ్డాఫీసు అడిగిన లాగ్‌షీట్లన్నీ పంపాక, ‘కస్టమర్ స్పందించలేదు’ అని రాసి ఫిర్యాదును మూసేశారు! మళ్లీ మొదలుపెడితే ఈసారి ఒక సాంకేతిక నిపుణుడు దొరికారు. నీళ్లు కూడా చూడకుండానే ఫౌలింగ్ (పొరకు మురికి పట్టడం) అని తేల్చి, సీఐపీ, అంటే విప్పకుండానే రసాయనాలతో కడగడం, చేయమన్నారు. క్షారంతోనూ, ఆమ్లంతోనూ కడిగినా ప్రవాహం పెరగలేదు. పీడనానికి మెంబ్రేన్ అడుగుపొర నలిగిపోతే కడిగినంత మాత్రాన తిరిగి లేవదని వారికి తెలియదనుకోవాలా?

చివరికి మీవాళ్లు రాతపూర్వకంగా కోరిన మీదటే ఒక ఎలిమెంట్‌ను (చుట్టగా చుట్టిన మెంబ్రేన్‌ను) కోసి చూశాం. వడకట్టిన నీరు పారే పర్మియేట్ గుడ్డలోని గాడులు పొర మీద వేలికి తగిలేంతగా అచ్చుపడ్డాయి. ఫోటోలు పంపితే వచ్చిన జవాబు: ‘ఎలిమెంట్‌ను కోసినందున వారంటీ వర్తించదు.’ ఇంతటి తెలివితేటలు పరిశోధన విభాగంలో ఉండి ఉంటే మెంబ్రేన్లు ఇంకొంతకాలం మన్నేవేమో.

మా పాత ప్లాంటులో మొదటి నుంచీ మీ సరుకే వాడుతున్నాం. ఈసారి మరో కంపెనీ తక్కువ ధరకు కొటేషన్ ఇచ్చినా మీ పేరు చూసే ఆగాం. ఆ నమ్మకానికి దక్కిన ఫలం, ఎవాపరేటర్ మీద భారం పెరిగి నెలనెలా ఆవిరి ఖర్చు మోయడం. మెంబ్రేన్లు మార్చి ఇస్తారో, సొమ్మే వాపసు చేస్తారో తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మెంబ్రేన్లు బిగించిన మా వెసల్ తెరిచి కళ్లారా చూసే ఇంజినీరును ఒకరిని పంపండి. పంపకపోతే మీకు రావలసిన మిగతా బిల్లు ఆగుతుంది, లాయరు నోటీసు వస్తుంది, కొత్త లైనుకు పిలవబోయే టెండరులో మీ పేరు ఉండదు. ఈ లేఖ ప్రతిని మీ మేనేజింగ్ డైరెక్టరుకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాం, ఆయనైనా మమ్మల్ని ప్యూరిఫైయరు వాళ్లమనుకోరని ఆశిస్తూ.

ఇట్లు,
మెయింటెనెన్స్ మేనేజర్