చైనీస్ అక్షరాలు, టింగ్‌షియే టెన్షన్: రెండో టర్మ్ ముందు పేరెంట్స్‌కి నాలుగు మాటలు

పేరెంట్స్ అందరికీ నమస్కారం.

మార్చి సెలవులు అయిపోయాయి, పిల్లలు మళ్ళీ రూట్‌లో పడుతున్నారు. ఫీజులు, ఉగాది ప్రోగ్రాం ఫొటోలు అవన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం కాబట్టి ఈసారి వార్తాలేఖ మొత్తం పిల్లలు స్కూల్లో నేర్చుకునే చైనీస్ గురించే రాస్తున్నా. ఎందుకంటే శనివారం తెలుగు క్లాస్ వదిలే టైముకి ప్రైమరీ వన్ పిల్లల అమ్మానాన్నలు గేటు దగ్గర నన్ను ఆపి అడిగేదంతా దాని గురించే. "మేడమ్, గురువారం రాత్రి కూర్చోబెట్టి రాయిస్తే శుక్రవారం టింగ్‌షియేలో (టీచర్ చెప్తుంటే విని రాసే చైనీస్ డిక్టేషన్) పదికి పది తెచ్చాడు, రెండు వారాలు పోయాక అదే అక్షరం చూపిస్తే ఇదెవరు అన్నట్టు చూస్తున్నాడు" అని. దాదాపు అందరిదీ ఇదే కథ.

సింగపూర్ స్కూళ్ళలో మదర్ టంగ్ సబ్జెక్ట్ కింద చైనీస్, మలయ్, తమిళ్ ఉన్నాయి, మన ఇండియన్ పిల్లలకి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా ఉన్నాయి, తెలుగు మాత్రం లేదు. ఎలాగూ ఇంట్లో మాట్లాడని భాషే తీసుకోవాలి కదా, చైనీస్ అయితే రేపు పనికొస్తుంది అని కొంతమంది స్కూల్ పర్మిషన్ అడిగి అటు వెళ్తున్నారు. మంచిదే, నేను వద్దనను. కాకపోతే ఇంట్లో ఒక్కరికీ రాదు, పక్క సీట్లో పిల్లాడికేమో వాళ్ళ అమ్మమ్మ ఊయల్లో ఉన్నప్పటినుంచీ ఆ భాషలోనే కబుర్లు చెప్తోంది, ఆ తేడా మర్చిపోయి మార్కులు పోల్చుకోవద్దు.

అసలు చిక్కు ఎక్కడంటే మనం తెలుగు నేర్చుకున్న పద్ధతిలోనే ఇదీ వచ్చేస్తుంది అనుకుంటాం. మనకి గుణింతాలు, ఒత్తులు వచ్చాక అర్థం తెలియని మాటైనా సరే పైకి చదివేస్తాం. అక్కడ అలాంటి అక్షరమాలే లేదు. చైనా 2013లో ఇచ్చిన అధికారిక పట్టికలో 8105 అక్షరాలున్నాయి, అందులో బాగా వాడకంలో ఉన్నవే 3500. అలాగని 3500 బొమ్మలు విడివిడిగా బట్టీ కొట్టాలా అంటే, అక్కర్లేదండీ, అక్కడే మన వాళ్ళు పొరపడుతున్నారు. చాలా అక్షరాలు రెండు ముక్కలు కలిపి కట్టినవి, ఒక ముక్క దేని గురించో చెప్తుంది, ఇంకోటి ఎలా పలకాలో చెప్తుంది.

గుర్రాన్నే తీసుకోండి. గుర్రం అనే అక్షరం పలకడం "మా", స్వరం, అంటే గొంతు ఎత్తుపల్లం, కిందికి దిగి పైకి లేస్తుంది. దానికి ఎడమ పక్కన ఆడమనిషి గుర్తు పెడితే అమ్మ, నోరు గుర్తు పెడితే వాక్యం చివర ప్రశ్న అడిగే "మా", రాయి గుర్తు పెడితే నంబర్, కోడ్ లాంటి వాటిలో వచ్చే "మా", పురుగు గుర్తు పెడితే చీమ అనే మాటలో మొదటి అక్షరం. గుర్రం నెత్తిన రెండు నోళ్ళు పెడితే తిట్టడం! అన్నీ "మా"నే, స్వరం మాత్రం మారుతూ ఉంటుంది. ఈ ఆరింటినీ ఆరు వేర్వేరు వారాల లిస్టుల్లో విడివిడిగా నేర్చుకున్న పిల్లకి ఆరు బరువులు, ఒకచోట పెట్టి చూపిస్తే ఒక గుర్రం, దాని చుట్టూ ఐదు గుర్తులు. మీ పిల్లలు ఇంటికి తెచ్చిన లిస్టులో ముందు అడగాల్సింది "ఇందులో నీకు ముందే తెలిసిన ముక్క ఏది?" అని. ఆ ప్రశ్న అడగడానికి మీకు చైనీస్ రానక్కర్లేదు.

పలికే ముక్క ప్రతిసారీ కరెక్టుగా పలుకుతుందని కాదు. నీటి చుక్కల పక్కన "గొంగ్" ముక్క పెడితే వచ్చే అక్షరం "జియాంగ్" అని చదవాలి, నది అని అర్థం, వందల ఏళ్ళలో ఉచ్చారణ మారిపోయింది మరి. కానీ ఎడమ పక్కన మూడు చుక్కలు కనిపిస్తే నది, సముద్రం, సూప్, కడగడం, ఏదో ఒక నీళ్ళ వ్యవహారం అయి ఉండొచ్చని ఊహించగలరు. ఇలాంటి మూల గుర్తులు 1716 నాటి కాంగ్షీ నిఘంటువులో 214 ఉన్నాయి, మన పిల్లలకి మొదటి ఏడాది ఓ ముప్పై వస్తే బోలెడు.

యూట్యూబ్‌లో కొండ బొమ్మ కొండ అక్షరంగా, చెట్టు బొమ్మ చెట్టు అక్షరంగా మారిపోయే వీడియోలు ఉంటాయి కదా, అవి చూపించండి, సరదాగానే ఉంటాయి, కానీ వాటితోనే మొత్తం వచ్చేస్తుందని నమ్మకండి, అలాంటి బొమ్మ అక్షరాలు కొన్నే, ఆ తర్వాత వచ్చే వాటికి బలవంతంగా కథలు అల్లితే కథ గుర్తుంటుంది గానీ అక్షరం గుర్తుండదు.

ఇక రాయడం. తెలుగు గుండ్రాలకి అలవాటైన చేతులు కాబట్టి నోరు అనే చదరపు అక్షరాన్ని మనవాళ్ళు ఒక్క లాగుడులో డబ్బా గీసేస్తారు. అది మూడు గీతలు. ముందు ఎడమ నిలువు గీత, తర్వాత పై గీతా కుడి గీతా ఎత్తకుండా ఒకే మలుపులో, చివర్లో కింద అడ్డగీత. దేశం అనే అక్షరంలో డబ్బా లోపల ఇంకో అక్షరం ఉంటుంది, లోపలి వాళ్ళు వచ్చాకే తలుపు వెయ్యాలి అని టీచర్లు చెప్తారు, అంటే కింది గీత ఆఖరిది. ఇదంతా చాదస్తం కాదు, ఒకే వరసలో రాస్తుంటే చేతికే గుర్తుండిపోతుంది. గీతలకి పేర్లు కూడా ఉన్నాయి, అడ్డంది హెంగ్, నిలువుది షూ, ఎడమకి జారేది ఫ్యే, కుడికి జారేది నా. చెట్టు అక్షరం రాస్తే ఈ నాలుగూ వరసగా వస్తాయి, పిల్లల చేత గాల్లో వేలితో "హెంగ్, షూ, ఫ్యే, నా" అనిపిస్తూ రాయించండి, ఎంఆర్‌టీ రైల్లో నిలబడి కూడా చేయొచ్చు.

ఒక రిక్వెస్ట్. దయచేసి టెక్స్ట్‌బుక్‌లో అక్షరాల మీద తెలుగులో రాసిపెట్టకండి. ఈ ఉత్తరంలో మీరు రాస్తున్నారుగా మేడమ్ అంటారేమో, ఇది మీకోసం, పరీక్ష మీకు లేదు. పైన "మా" అని తెలుగులో కనిపిస్తే పిల్ల కళ్ళు దానిమీదే పడతాయి, కిందున్న అక్షరాన్ని చూడనే చూడదు, పైగా స్వరం గాల్లో కలిసిపోతుంది. పిన్‌యిన్‌తో కూడా ఇదే బాధ, 1958 నుంచి చైనాలో వాడుతున్న ఆ ఇంగ్లీష్ అక్షరాల పద్ధతి ఉచ్చారణ నేర్పడానికి చాలా మంచిది, కానీ పాఠం రెండోసారి చదివేటప్పుడు పిన్‌యిన్ లైన్ మీద స్కేల్ అడ్డం పెట్టేయండి.

టింగ్‌షియేకి మాత్రం గురువారం రాత్రి యుద్ధం ఆపేద్దాం. ఒక్కో అక్షరం ఇరవైసార్లు కాపీ చేయిస్తే మూడోసారి తర్వాత చెయ్యి తప్ప బుర్ర పని చెయ్యదు. చూడాలి, మూసెయ్యాలి, రాయాలి, తెరిచి పోల్చుకోవాలి. పోల్చడం మీరు చెయ్యొచ్చు, పుస్తకంలో ఉన్నదీ పిల్లాడు రాసిందీ ఒకేలా ఉన్నాయో లేదో కళ్ళున్నవాళ్ళెవరైనా చెప్పగలరు. ఎండ కాయడం అనే అక్షరంలో ఎడమ ముక్క సూర్యుడు, లోపల ఒక గీత. కంటి అక్షరంలో ఎడమ ముక్క కన్ను, లోపల రెండు గీతలు. మిగతాదంతా సేమ్ టు సేమ్, ఇక్కడే మార్కు పోతుంది. సోమవారం లిస్ట్ రాగానే రోజుకి మూడు కొత్తవి, వాటిలో పాత వారాలవి రెండు మూడు కలపండి. మర్చిపోవడం మొదలయ్యే టైముకి మళ్ళీ అడిగితేనే నిలబడుతుంది, జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన 1885లోనే తన మీదే ప్రయోగాలు చేసుకుని మరుపు లెక్క రాసిపెట్టాడు. ఉచ్చారణకి ప్లెకో యాప్ ఉంది, అక్షరాన్ని వేలితో గీస్తే పలికి వినిపిస్తుంది.

ఇంకోటి, చదవడం వేరు, రాయడం వేరు, రెండూ ఒకే స్పీడులో రావాలని పట్టుబట్టకండి. విదేశీయుల కోసం చైనా 2021లో తెచ్చిన ప్రమాణాల్లోనే చదవాల్సినవి 3000 అయితే చేత్తో రాయాల్సినవి 1200. ఫోన్లో టైప్ చెయ్యడం అలవాటై చైనాలో పెద్దవాళ్ళే పెన్ను పట్టుకుని అక్షరం మర్చిపోతున్నారట, మన ఏడేళ్ళ బుడ్డోడి మీద అరిచి ఏం లాభం చెప్పండి.

ఈ టర్మ్‌లో బిగినర్స్ బ్యాచ్‌ని ఒక శనివారం చైనాటౌన్ స్టేషన్‌కి తీసుకెళ్తున్నాం. ఆ స్టేషన్ చైనీస్ పేరులో మూడే అక్షరాలు, ఎద్దు, బండి, నీళ్ళు, ఒక్కోటి నాలుగేసి గీతలు, పిల్లలు బోర్డు మీద చదివేస్తారు. పాత గుళ్ళ మీద, కొన్ని షాపుల మీద అక్షరాలు వేరేగా ఉంటే కంగారు పడొద్దు, అవి పాత రూపాలు, గుర్రానికే అందులో పది గీతలు, స్కూల్లో నేర్పే కొత్త రూపంలో మూడు.

డేట్ గ్రూపులో పెడతాం. వచ్చే వారం నుంచి నాలుగు భాగాలు చేసిన గడుల నోట్‌బుక్ తప్పకుండా పంపండి, పాపులర్ బుక్‌షాపులో దొరుకుతుంది, పెద్ద గడులదే తీసుకోండి, చిన్న గడుల్లో పిల్లల గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తున్నాయి. స్కూల్ టింగ్‌షియే లిస్ట్ ఫొటో సోమవారం రాత్రిలోపు మాకు పంపితే శనివారం క్లాసులో అవే అక్షరాలు ముక్కలు చేసి చూపిస్తాం.

ఇట్లు
మీ ప్రిన్సిపాల్