ముందు రక్తం సంగతి, తర్వాతే హార్మోను సంగతి

అమ్మలూ,

నిన్న ఫోన్లో మాటల మధ్య "రెండ్రోజులు కాస్త ఎర్రబట్ట కనబడిందమ్మా, తగ్గిపోయిందిలే" అని తేలిగ్గా అనేశావు. పక్కన పిల్లలున్నారని నేనప్పుడు ఏమీ అనలేదు. తగ్గిపోయిందని ఊరుకునే విషయం కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

నీకు ముట్లు ఆగి మూడేళ్ళు దాటింది. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టే. ఆ తర్వాత కనబడే రక్తం చుక్కంతే అయినా, గోధుమరంగు మరకే అయినా, ఒక్కసారే అయినా చూపించుకోవాలి. ఇలా వచ్చినవాళ్ళలో పదింట తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. గర్భసంచి లోపలి పొర పలచబడి ఒరుసుకుపోవడమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో ఉంటుంది. కానీ గర్భసంచి లోపొరలో క్యాన్సర్ వచ్చినవాళ్ళలో దాదాపు 90 శాతం మందికి కనబడే గుర్తు ఈ రక్తమే. అది గర్భసంచి దాటకముందే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమైపోతుంది. ఇంత ముందుగా చెప్పే జబ్బులు తక్కువ తల్లీ, అది చెప్పినప్పుడు మనం వినాలి.

మళ్ళీ కనబడితే ఒక పని చెయ్యి. తెల్లటి మెత్తని గుడ్డతో ముందు మూత్రం వచ్చేచోట, తర్వాత యోని దగ్గర, చివర మలద్వారం దగ్గర విడివిడిగా అద్ది చూడు. మొలల రక్తాన్నీ, మూత్రంలో రక్తాన్నీ ఎర్రబట్ట అనుకునేవాళ్ళు ఉంటారు. తేదీ, రంగు, ఎన్ని ప్యాడ్లు మార్చావో రాసిపెట్టు. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకో మాట కూడా అన్నావు. రాత్రి ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్ వేసుకుంటే పొద్దున మత్తుగా ఉంటోందని రెండు నెలలుగా అది మానేసి, జెల్ ఒక్కటే రాసుకుంటున్నానని. నాకు నిద్ర పట్టనిది అక్కడే. జెల్‌లో ఉన్నది ఈస్ట్రోజెన్. ఆవిర్లు తగ్గించేదీ అదే, గర్భసంచి లోపొరను పెంచేదీ అదే. ఆ పెరుగుదలకు పగ్గం వేసేది ప్రొజెస్టెరాన్. పగ్గం తీసేస్తే పొర మందమై, చోటుచోటుగా ఊడి రక్తం కనబడుతుంది. అలాగే వదిలేస్తే కణాల తీరు కూడా మారొచ్చు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన ఆడవాళ్ళలో గర్భసంచి క్యాన్సర్ ఎక్కువవుతోందని 1975లోనే అమెరికాలో బయటపడింది. గర్భసంచి ఉన్నవాళ్ళకు రెండూ కలిపి ఇవ్వడం ఆ తర్వాతే గట్టిగా అలవాటైంది. ఆ క్యాప్సూల్ నీకు అదనం కాదు, అసలు కాపలా అదే.

ఇవాళే మీ డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. జెల్ ఒక్కటే మాత్రం ఇక రాసుకోకు. పరీక్షలయ్యేదాకా ఆపితే ఆవిర్లు మళ్ళీ రావచ్చు, అంతకుమించి ప్రమాదం లేదు. క్యాప్సూల్ నీ అంతట నువ్వు మొదలుపెట్టకు, ఆవిడ చెప్పాకే.

మన ఇళ్ళల్లో పూజకనీ, పెళ్ళికనీ, తిరుపతికనీ నెలసరి వాయిదా వేసుకునే మాత్ర ఒకటి ఎప్పుడూ ఉంటుంది, నోరెథిస్టెరాన్. ఎవరో ఒకరు "అది రెండు వేసుకో, ఆగిపోతుంది" అంటారు. వేసుకోవద్దు. రక్తం ఆగుతుంది, కారణం లోపలే ఉండిపోతుంది. బయాప్సీలో, అంటే లోపొర ముక్క తీసి చేసే పరీక్షలో, కనబడే తీరు కూడా మారిపోవచ్చు. గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా చూసి రక్తం పోవడాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ మాత్రకూ ఇదే మాట. ఎక్కువగా పోతుంటే డాక్టరే ఇస్తారు.

డాక్టరు ముందు స్పెక్యులమ్, అంటే యోనిని తెరిచి చూసే పరికరం, పెట్టి గర్భసంచి ముఖద్వారాన్ని కళ్ళతో చూడాలి. మన దగ్గర ముఖద్వారం క్యాన్సర్ తక్కువేమీ కాదు. "పోయినేడు ప్యాప్ స్మియర్ బాగుంది" అని ధైర్యపడకు, అది ముఖద్వారం కణాలు చూసే పరీక్ష, లోపొర సంగతి చెప్పదు. తర్వాత కిందనుంచి, అంటే యోనిలోంచి, చేసే స్కానింగ్. దానికి నీళ్ళు తాగి మూత్రం ఆపుకోనక్కర్లేదు, మూత్రానికి వెళ్ళొచ్చాకే చేస్తారు. రిపోర్టులో ఎండోమెట్రియల్ థిక్‌నెస్ లేదా ఈటీ అని ఉంటుంది. 4 మిల్లీమీటర్లో, అంతకంటే తక్కువో ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. 4 దాటితే ముక్క తీసి పరీక్షించాలి. పలచగా ఉన్నా రక్తం మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడూ తీయాలి.

ఆ ముక్క తీసేది పైపెల్ అనే 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టంతో, ఓపీలోనే. నిమిషమో రెండు నిమిషాలో ముట్టునొప్పిలా గట్టిగా మెలిపెడుతుంది. నీకు కడుపులో పుండు, కిడ్నీ ఇబ్బంది లేవు కాబట్టి గంట ముందు ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చేమో అడుగు. ముట్లు ఆగాక ముఖద్వారం బిగుసుకుపోయి ఒక్కోసారి గొట్టం లోపలికి పోదు. అప్పుడు హిస్టెరోస్కోపీ, అంటే సన్నని కెమెరాతో లోపల చూస్తూ తీయడం. పాలిప్ ఉంటే పైపెల్ దాని పక్కనుంచి జారిపోవచ్చు, కెమెరాకైతే దొరుకుతుంది. రిపోర్టులో "శాంపిల్ చాలలేదు" అని వస్తే, స్కాన్‌లో పొర మందంగా ఉన్నప్పుడు దాన్ని "ఏమీ లేదు" అని చదవకూడదు. మళ్ళీ తీయించాల్సిందే.

ఎవరైనా బయాప్సీ లేకుండానే "గర్భసంచి తీసేద్దాం, పీడ పోతుంది" అంటే లేచి వచ్చెయ్యి. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే చోట్లలో మన రెండు రాష్ట్రాలూ ముందున్నాయి, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. పలచబడిన పొరకో, చిన్న పాలిప్‌కో గర్భసంచి తీయక్కర్లేదు. ఒకవేళ క్యాన్సరే అయితే ఆపరేషన్ తీరే వేరు: అండాశయాలు, ట్యూబులు, అవసరమైతే లింఫ్ గ్రంథులు కూడా చూడాలి. తెలియకుండా చేస్తే రెండు విధాలా నష్టమే. పొర మందమై కణాలు మాత్రం మామూలుగానే ఉంటే, హార్మోను విడుదల చేసే లూపు వేసి ఆరు నెలలకోసారి ముక్క తీసి చూస్తారు. కణాలు అసహజంగా మారాయంటే మాత్రం నీ వయసుకు గర్భసంచి తీయించుకోమనే చెబుతారు, అప్పుడు వెనకాడకు.

అంతా బాగుందని తేలాక హార్మోన్ల సంగతి. 2002లో అమెరికాలో ఈ హార్మోన్ల మీద జరుగుతున్న పెద్ద అధ్యయనం ఒకటి మధ్యలో ఆపేశారు, అప్పటినుంచీ అందరికీ ఈ మందులంటే హడల్. అందులో రెండు హార్మోన్లూ కలిపి వాడినవాళ్ళలో ఏడాదికి పదివేలమందికి 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా వచ్చాయి. వాళ్ళ సగటు వయసు 63. నీకు 53, ముట్లు ఆగి పదేళ్ళు కాలేదు, బీపీ అదుపులో ఉంది. చర్మానికి రాసే ఈస్ట్రోజెన్‌తో మాత్రల్లాగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం పెరగదు. రాత్రి మూడుసార్లు చీర తడిసి లేచే అవస్థలో ఉన్నదానివి, వాడుకోవడంలో తప్పు లేదు. వాడితే రెండూ వాడాలి, అంతే.

జెల్ పంపు ఒక్క నొక్కుకు 0.75 మిల్లీగ్రాములు. ఎన్ని నొక్కులో డాక్టరు చెప్పినట్టే. చేతికో తొడకో రాసి ఆరాక బట్ట కట్టుకో, రొమ్ముల మీద రాయకు. క్యాప్సూల్ 100 మిల్లీగ్రాములది రోజూ. అన్నం తిన్న వెంటనే వేసుకుంటే మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది, మత్తూ ఎక్కువవుతుంది. తిన్న రెండు గంటలకు, పడుకోబోయే ముందు వేసుకో. అయినా తట్టుకోలేకపోతే యోనిలో పెట్టుకోవడం గురించో, లూపు గురించో అడుగు. మానేయడం తప్ప దారులు చాలా ఉన్నాయి. మొదటి 3 నుంచి 6 నెలలు అప్పుడప్పుడు మరకలు మామూలే. అది దాటాక వచ్చినా, ఎక్కువైనా మళ్ళీ స్కాన్.

సోమవారం వెళ్ళేటప్పుడు జెల్ డబ్బా, సగం మిగిలిన క్యాప్సూల్ అట్టా రెండూ సంచిలో వేసుకో. ఎప్పుడు మానేశావో ఆ తేదీ కాగితం మీద రాసి ఇవ్వు, నోటితో చెప్పబోతే సిగ్గుపడి మింగేస్తావు. అల్లుడుగారిని వెంట తీసుకెళ్ళు. ఈటీ అని ఉన్న వరస ఫోటో తీసి ఆ సాయంత్రమే నాకు పంపు.

మీ అమ్మ