పెంగ్విన్ల కింద బురద సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో అంటార్కిటికా మీద వేసిన పేజీ చదివాను. ఫోటోలు బాగున్నాయి. మంచు కరుగుతోంది, పెంగ్విన్లకు కష్టకాలం వచ్చింది, సముద్రమట్టం పెరుగుతుంది, అన్నీ రాయాల్సిన మాటలే. కానీ పేజీ మొత్తం నీటి పైనే ఆగిపోయింది. నీళ్ళ అడుగున బురదలో ఏం బతుకుతున్నాయో, ఆ బురదలో మనుషులు ఏం పారబోశారో ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను సైంటిస్టును కాను. నలభై ఏళ్ళ కిందట ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ చదివి, తర్వాత బ్యాంకులో చేరి, అక్కడే రిటైరైనవాణ్ణి. ఆ రోజుల్లో హార్బరు నుంచి తెచ్చిన బురదను జల్లెడలో కడిగి, ఫార్మలిన్‌లో రోజ్ బెంగాల్ రంగు కలిపి పోసేవాళ్ళం. రంగు పట్టిన పురుగులు గులాబీ దారం ముక్కల్లా తేలేవి, వాటిని పట్టకారుతో ఏరి లెక్కపెట్టాలి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కు వదల్లేదు, బురద పురుగుల మీద ఆసక్తి కూడా అలాగే ఉండిపోయింది.

అసలు సంగతికొస్తాను. అంటార్కిటికాలో అన్నిటికంటే పెద్ద స్థావరం అమెరికా వాళ్ళ మెక్‌మర్డో. 1955-56లో మొదలైంది. అక్కడి ఎండాకాలంలో, అంటే మనకు డిసెంబరు, జనవరి నెలల్లో, వెయ్యిమంది దాకా ఉంటారు. దాన్ని ఆనుకుని వింటర్ క్వార్టర్స్ బే అని చిన్న అఖాతం ఉంది. 1902లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ తన డిస్కవరీ ఓడను అక్కడ నిలిపి చలికాలం గడిపాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఆ పేరు వింటే ధ్రువప్రాంతపు కాలుష్యం చదివేవాళ్ళకు స్కాట్ గుర్తురాడు, డ్రమ్ములు గుర్తొస్తాయి.

ఎందుకంటే స్థావరం పెట్టాక కొన్ని దశాబ్దాల పాటు అక్కడ చెత్త వదిలించుకున్న పద్ధతుల్లో ఒకటి ఏంటంటే, పాడైన బండ్లు, ఖాళీ డ్రమ్ములు, ఇనప సామాను, ఏదైనా సరే, గడ్డకట్టిన సముద్రం మీదకు లాక్కెళ్ళి వదిలేసి రావడం. ఎండలు ముదిరి మంచు పలక విరిగినప్పుడు అదంతా బుడుంగున మునిగిపోతుంది. మన వీధి చివర కాలవలోకి చెత్త సంచీ గిరాటేసి చేతులు దులుపుకునే పనే ఇది, కాకపోతే చేసింది సైన్సు కోసం కట్టిన ఊరు. 2001లో బయటికొచ్చిన లెక్క చూడండి: 20 హెక్టార్ల అడుగున 15 వాహనాలు, 26 షిప్పింగ్ కంటైనర్లు, 603 ఇంధనం డ్రమ్ములు, ఇవి కాక వెయ్యి దాకా చిల్లర సామాను. డైవర్లు దిగి చూసిన విషయాలివి, న్యూజిలాండ్ వాళ్ళ పర్యావరణ నివేదికలో అచ్చయ్యాయి.

కంటికి కనబడేది ఇది. కనబడనిది బురదలో ఇంకింది. డీజిల్, నూనెలు, సీసం, రాగి లాంటి లోహాలు, పీసీబీలు. ఈ పీసీబీలంటే పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన రసాయనాలు, ఒకసారి బురదలో చేరితే ఓ పట్టాన విరగవు, జీవుల కొవ్వులో చేరి కూర్చుంటాయి.

అక్కడేముంటుందిలే, మంచు కింద చీకట్లో నాలుగు పురుగులు ఉంటే ఉన్నాయి, పోతే పోయాయి అనుకుంటారేమో. మెక్‌మర్డో ఎదురుగా ఉన్న సముద్రపాయకు తూర్పు ఒడ్డున, అంటే స్థావరం ఉన్న వైపు, చదరపు మీటరు బురదలో లక్షకు పైగా జీవులు లెక్క తేలాయని 1977లోనే పాల్ డేటన్, జాన్ ఆలివర్ అనే శాస్త్రవేత్తలు రాశారు. ఒక భోజనాల బల్లంత చోటులో లక్ష ప్రాణాలు! గొట్టాలు కట్టుకుని అందులో కాపురముండే పురుగులు, బియ్యపుగింజంత యాంఫిపాడ్లు (రొయ్యకు పిన్ని పిల్లలనుకోండి), టనైడ్లు (అవీ రొయ్య చుట్టాలే), చిన్న చిన్న ఆల్చిప్పలు. పైన ఎండాకాలంలో పెరిగిన నాచు, మంచు అడుగున పట్టిన పాచి కిందికి రాలితే వీటికి పండగ, మిగతా ఏడాదంతా పస్తు.

వింటర్ క్వార్టర్స్ బేలోకి వెళ్ళేసరికి ఈ సంత పలచబడిపోతుంది. రకాలు తగ్గిపోతాయి. మురికిని తట్టుకునే కొద్దిపాటి పురుగులు మాత్రం తెగ పెరుగుతాయి. అందులో కాపిటెల్లా జాతి పురుగు ఒకటి, ఓఫ్రియోట్రోకా ఇంకొకటి. ఈ కాపిటెల్లా పేరు చదవగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను, ఎందుకంటే మా విశాఖ ఇన్నర్ హార్బరు బురదలో మేం ఏరింది దాని అన్నదమ్ముణ్ణే! ఊరి మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే చోట మిగతావన్నీ మాయమై అదొక్కటే గుంపులు గుంపులుగా ఉండేది. ఎ.వి. రామన్, పి.ఎన్. గణపతి గార్లు విశాఖ హార్బరు పురుగుల మీద 1983లో మెరైన్ పొల్యూషన్ బులెటిన్‌లో రాసిన పేపర్ ఈ సంగతుల మీదే. అక్కడ నీళ్ళు ఏడాది పొడుగునా సున్నాకు దాదాపు రెండు డిగ్రీలు కింద, ఇక్కడ ముప్ఫైకి అటూ ఇటూ. జాతులు వేరు, కథ ఒక్కటే.

అయితే ఒక్క తేడా ఉంది, నా టెన్షన్ అంతా దాని గురించే. మన సముద్రంలో ఏదైనా చెడితే, మురుగు ఆపితే, కొంత కాలానికి పిల్లపురుగులు ఎక్కడినుంచో కొట్టుకొచ్చి మళ్ళీ నిలదొక్కుకుంటాయి. అక్కడ ప్రతిదీ నత్తనడకే. స్టెరెకైనస్ అని అక్కడ ఒక సీ అర్చిన్ ఉంది, చూడటానికి ఉమ్మెత్తకాయలా ఒళ్ళంతా ముళ్ళు. వెచ్చటి సముద్రాల్లో సీ అర్చిన్ గుడ్డు రెండు మూడు రోజుల్లో ఈదుతూ తినే పిల్ల అయిపోతుంది, దీనికి ఇరవై రోజులు పడుతుంది, అది అడుగున స్థిరపడి అసలు రూపానికి రావాలంటే వంద రోజులు దాటుతుంది. ఇప్పుడు నీళ్ళలో కాస్త రాగి ఉందనుకోండి. మన పిల్ల రెండ్రోజులు ఆ నీళ్ళు తాగి గండం దాటేస్తుంది, అక్కడి పిల్ల అదే విషంలో వారాల తరబడి నానుతుంది. యాంఫిపాడ్ తల్లులైతే గుడ్లను పొట్ట కింద సంచీలో నెలల తరబడి మోస్తాయి, వేసే గుడ్లు కూడా ఎక్కువుండవు. ఇంకో చిక్కు ఏంటంటే, చలికి ఒళ్ళు నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి విషం ప్రభావం కూడా ఆలస్యంగా బయటపడుతుంది. మన దగ్గర పెట్టినట్టు నాలుగు రోజుల టెస్టు పెట్టి, చావలేదు కాబట్టి ఫర్వాలేదు అని రాసేస్తే పూర్తిగా పొరపాటు. ఆ బేలోని బురదలో మంచి చోటు నుంచి తెచ్చిన జీవుల్ని వదిలి చూశారు 1990ల్లో. కొన్ని చచ్చాయి, కొన్ని ఆ బురద నుంచి తప్పించుకుపోవాలని చూశాయి. పోవడానికి చోటు లేని వాటి మాటేమిటి?

దీనివల్ల రేపు పెంగ్విన్లు చస్తాయని నేను రాయను, వాటి తిండి వేరు. కానీ ఆ పురుగుల్ని తిని బతికే ట్రెమటోమస్ చేపలు ఉన్నాయి. వాటి ఒంట్లో మన సోఫాల్లో, కంప్యూటర్లలో మంట అంటుకోకుండా కలిపే రసాయనాలు కూడా దొరికాయి. స్థావరంలో గదుల దుమ్ములోనూ అవే, మురుగు మడ్డిలోనూ అవే. అంటే ఎక్కడో గాలిలో ఎగిరొచ్చిందని తప్పించుకోవడానికి లేదు, చాలావరకు సొంత ఇంటి చెత్తే.

మరి ఆ డ్రమ్ములన్నీ పైకి తీసేయొచ్చు కదా అంటే, అదంత తేలిక కాదు. దశాబ్దాలుగా పేరుకున్న బురదను కెలికితే అడుగున అణిగి ఉన్న విషం మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది. 1991లో సంతకాలై 1998లో అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ ప్రోటోకాల్ (అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడటానికి దేశాలు చేసుకున్న ఒప్పందం) కూడా పాత చెత్త తీయమనే చెబుతుంది గానీ, తీస్తే జరిగే చెడు వదిలేస్తే జరిగే చెడు కంటే ఎక్కువైతే వదిలేయొచ్చంటుంది. ఈ మినహాయింపు న్యాయమైనదే. కాకపోతే సోమరులకు కూడా బాగా పనికొస్తుంది. ఆస్ట్రేలియా వాళ్ళు తమ కేసీ స్థావరం దగ్గర థాలా లోయలో 1965 నుంచి ఇరవై ఏళ్ళు పోసిన చెత్తకుప్పను 2003-04లో తవ్వి ఓడెక్కించారు. కరిగిన మంచునీళ్ళు ఆ కుప్ప మీదుగా పారి లోహాల్ని బ్రౌన్ బేలోకి మోసుకెళ్ళేవి. అందుకే తవ్వేటప్పుడు ఆ నీళ్ళను కూడా పట్టి శుద్ధి చేశారు. ఖర్చుతో కూడిన పని, చేశారు, మెచ్చుకోవాలి. నేల మీదిది తీయొచ్చు. బే అడుగుకు చేరినదాన్ని మాత్రం వెనక్కి తేలేరు.

ఇక మురుగునీళ్ళు. మెక్‌మర్డో పాయఖానా నీళ్ళు 2003 దాకా శుద్ధి లేకుండానే సముద్రంలోకి పోయాయి, అప్పుడు గానీ ప్లాంటు రాలేదు. ఇదేం నేరం కాదు కూడా. నీళ్ళు త్వరగా చెదిరిపోయే చోటైతే మురుగును సముద్రంలోకే వదలొచ్చని ప్రోటోకాల్‌లోనే ఉంది. ఎండాకాలంలో వారానికి సగటున 30 మంది, అంతకు మించి ఉండే స్థావరమైతే కనీసం మెత్తగా రుబ్బి వదలాలి. అంతే. రుబ్బితే చాలు! ఈ ముక్క చదివి నేను మా ఆవిడకు చెబితే, ఇంతోటిదానికి ఇన్ని దేశాలు కూర్చోవాలా అంది.

ఇప్పుడు మనదాకా వద్దాం. మనకు అక్కడ మైత్రి, భారతి అని రెండు స్థావరాలు ఉన్నాయి. మైత్రి తీరానికి దూరంగా లోపలెక్కడో ఉంటుంది. భారతి అలా కాదు, 2012 నుంచి లార్స్‌మన్ కొండల దగ్గర సముద్రానికి ఎదురుగా ఉంది. అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఆస్ట్రేలియా వాళ్ళ డేవిస్ స్థావరం. అంటార్కిటికా దూరాల్లో అది పక్కింటి కిందే లెక్క. డేవిస్‌లో ప్లాంటు పాడై కొన్నేళ్ళు మురుగును రుబ్బి వదిలారు, తర్వాత 2009-10లో వాళ్ళే పరీక్షలు చేయించుకుంటే దగ్గర్లోని చేపల లోపలి అవయవాలు దెబ్బతిన్నట్టు తేలింది. తమ తప్పు తామే కొలిచి అచ్చేసుకున్నారు. అది నాకు నచ్చింది.

మన దేశం 2022లో అంటార్కిటికా చట్టం చేసింది, 2024 మేలో అంటార్కిటికా ఒప్పంద దేశాల సమావేశం కొచ్చిలో జరిపింది, మైత్రి-2 కడతామంటోంది. సంతోషం. భారతి ముందున్న బురదలో ఎన్ని రకాల జీవులు ఉన్నాయి, కట్టకముందు ఎన్ని ఉండేవి, పదేళ్ళకు ఏమైంది, ఈ లెక్కలు గోవాలో ఉన్న మన ధ్రువ పరిశోధన కేంద్రాన్ని మీ విలేకరి అడిగి, మామూలు తెలుగులో వేస్తే బాగుంటుంది. లెక్కలు బాగుంటే గర్వంగా వేయండి. బాగాలేకపోయినా వేయండి, 603 డ్రమ్ములంత ఉండవులెండి.

ఉత్తరం పొడుగైందని తెలుసు. స్థలం చాలకపోతే నా కాలేజీ కబుర్లు కత్తిరించుకోండి, ఆ 30 మంది నియమం మాత్రం ఉంచండి. ఇంకోసారి అంటార్కిటికా పేజీ వేసేటప్పుడు ఏదో ఒక మూల యాంఫిపాడ్ బొమ్మ కూడా వేయండి, మైక్రోస్కోపు కింద అది కూడా ఫోటోకి బాగానే ఉంటుంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
విశాఖపట్నం