స్విచ్ కొనే ముందు మానిటర్ వెనక చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఒక టేబుల్ మీద సొంత డెస్క్‌టాప్, పక్కనే ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్. ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక చాలా ఇళ్లలో ఇదే వరస. రెండింటికీ ఒకే మానిటర్, ఒకే కీబోర్డు, మౌసు వాడుకోవాలని దుకాణంలో అడిగితే కేవీఎం స్విచ్ అంటూ ఒక డబ్బా చేతిలో పెడతారు. కీబోర్డు, వీడియో, మౌసు మూడింటినీ ఒక్క బటన్‌తో ఈ కంప్యూటర్ నుంచి ఆ కంప్యూటర్‌కి మార్చే పెట్టె అది. మంచి వస్తువే. కానీ చాలామందికి అది అక్కర్లేదు. అవసరమైనవాళ్లేమో డబ్బా మీద రాయని సంగతుల దగ్గర దెబ్బ తింటున్నారు.

ముందు మానిటర్ వెనక్కి తొంగి చూడండి. హెచ్‌డీఎంఐ సాకెట్లు రెండున్నా, ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉన్నా వీడియోకి స్విచ్ పనే లేదు. డెస్క్‌టాప్‌ని ఒకదానికి, ల్యాప్‌టాప్‌ని ఇంకోదానికి నేరుగా కలపండి. కీబోర్డుకీ మౌసుకీ మాత్రం యూఎస్‌బీ స్విచ్ తీసుకోండి. కేవీఎం కన్నా బాగా చవక. మారాలంటే దాని బటన్ నొక్కాలి, మానిటర్ మెనూలో ఇన్‌పుట్ మార్చాలి. ఆ రెండో పని విసుగనిపించవచ్చు గానీ, బొమ్మ మధ్యలో ఏ పెట్టెలోంచీ పోదు కాబట్టి మిగతా తలనొప్పులు ఉండవు. మెనూలో ఆటో ఇన్‌పుట్ ఆపేయడం మరవొద్దు. ఆపకపోతే ల్యాప్‌టాప్ నిద్రలోకి పోగానే మానిటర్ తనంతట తానే డెస్క్‌టాప్‌కి మారిపోతుంది. కీబోర్డు మాత్రం ల్యాప్‌టాప్ దగ్గరే ఉండిపోతుంది.

ల్యాప్‌టాప్‌కి టైప్-సీ పోర్టు ఒక్కటే ఉంటే అది వీడియో పంపుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. కొన్ని పోర్టులు ఛార్జింగ్‌కి, డేటాకి మాత్రమే. కన్వర్టర్ల సంగతీ అంతే. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కి వెళ్లే మామూలు కన్వర్టర్‌ని తిప్పి పెట్టి, హెచ్‌డీఎంఐ కంప్యూటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ కలుపుదామంటే కుదరదు.

మానిటర్‌కి ఒకే సాకెట్ ఉన్నవారు, రోజంతా అటూ ఇటూ మారుతూ ఉండేవారు కేవీఎం కొనుక్కోవచ్చు. అప్పుడు అడగాల్సిన మొదటి మాట ఈడీఐడీ. ప్రతి మానిటర్‌లో ఒక చిన్న మెమరీ ఉంటుంది. దాని కంపెనీ, మోడల్, రిజల్యూషన్ అందులో రాసి ఉంటాయి. ఆ సమాచారాన్నే ఈడీఐడీ అంటారు. కేబుల్ పెట్టగానే కంప్యూటర్ దాన్ని చదువుకుని, తగిన బొమ్మ పంపుతుంది. మంచి స్విచ్ ఆ సమాచారాన్ని తన దగ్గర దాచుకుని, మనం ఏ వైపు ఉన్నా రెండు కంప్యూటర్లకీ చూపిస్తూనే ఉంటుంది. చవక స్విచ్ అలా కాదు. బటన్ నొక్కగానే, వదిలేసిన కంప్యూటర్‌కి మానిటర్ పీకేసినట్టే లెక్క. మూత మూసి ఉంచిన ల్యాప్‌టాప్ అయితే తెర లేదనుకుని నిద్రపోతుంది, డౌన్‌లోడ్ సగంలో ఆగుతుంది. రెండు మానిటర్లు వాడేవారికి తెరిచిన విండోలన్నీ ఒకే తెర మీదికి వచ్చి పడతాయి. వేరే వైపు ఉండగా రీస్టార్ట్ అయిన డెస్క్‌టాప్, తిరిగొచ్చేసరికి 1024x768 అనే తక్కువ రిజల్యూషన్‌తో అక్షరాలు ఉబ్బిపోయి కనిపించవచ్చు. ఇప్పటికే అలాంటి స్విచ్ కొన్నవారు విండోస్ పవర్ సెట్టింగుల్లో మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని పెట్టుకుంటే నిద్ర బాధ తీరుతుంది. మిగతావాటికి స్విచ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య మానిటర్ కలిపే ఉన్నట్టు చూపించే ఈడీఐడీ ఎమ్యులేటర్ అనే చిన్న ప్లగ్గు పెట్టుకోవాలి.

డబ్బా మీద 4కె అని ఉంటే సరిపోదు. పాత హెచ్‌డీఎంఐ 1.4 స్విచ్‌లు 4కెని సెకనుకి 30 ఫ్రేములతోనే పంపుతాయి, మౌసు బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఫ్రేములు) అని గానీ 18 జీబీపీఎస్ (డేటా వేగం) అని గానీ స్పష్టంగా ఉండాలి. కేబుళ్లు పొట్టిగా తీసుకోండి. సిగ్నల్‌ని బలపరచని స్విచ్‌లో కంప్యూటర్ నుంచి స్విచ్‌కి 2 మీటర్లు, అక్కడి నుంచి మానిటర్‌కి 2 మీటర్లు అంటే 4 మీటర్ల కింద లెక్క. తెల్ల చుక్కలు మెరవడం, తెర క్షణం నల్లబడటం ఎక్కువగా అందువల్లే.

స్క్రోల్ లాక్ కీని రెండుసార్లు నొక్కితే మారే స్విచ్‌లు చాలా ఉన్నాయి. తెలుగు టైపింగ్‌లో భాష మార్చడానికి అదే కీ పెట్టుకున్నవారికి ఇది అడ్డొస్తుంది. కీబోర్డుని దానికని గుర్తు వేసిన పోర్టులోనే పెట్టాలి. పక్కనున్న మామూలు హబ్ పోర్టులో పెడితే ఆ షార్ట్‌కట్ సాధారణంగా పనిచేయదు. వైర్‌లెస్ మౌసు తడబడితే బ్యాటరీని తిట్టుకోకండి. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే రేడియో రొద, మౌసు సిగ్నల్ అందుకునే చిన్న ప్లగ్గుని, అంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌ని దెబ్బతీస్తుంది. మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని దూరం జరపండి.

ఇవన్నీ చికాకులు. ఎర్తింగ్ లోపం మాత్రం వస్తువుల్ని కాలుస్తుంది. డెస్క్‌టాప్ పవర్ సప్లైలో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్ రేకుకి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. కరెంటులోని రొదని ఎర్త్‌కి పంపడం వాటి పని. గోడ సాకెట్ మూడో రంధ్రంలో ఎర్త్ వైరు లేకపోతే ఆ రేకు 230 వోల్టుల్లో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. చెయ్యి తగిలితే జివ్వుమనేది అందుకే. ఆ రేకూ హెచ్‌డీఎంఐ కేబుల్ తొడుగూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. అన్నీ ఆన్‌లో ఉండగా కేబుల్ గుచ్చితే ఆ వోల్టేజీ తేడా సన్నని పిన్నుల గుండా దూకి రెండో కంప్యూటర్ పోర్టునో, స్విచ్ చిప్‌నో పాడుచేయగలదు.

కాబట్టి రెండు కంప్యూటర్లు, మానిటర్, స్విచ్ అడాప్టర్ అన్నీ ఎర్త్ ఉన్న ఒకే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. ఎర్త్ పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించడం వద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు ఫేజ్, న్యూట్రల్ మధ్య ఉన్నంత వోల్టేజే చూపించాలి. కేబుళ్లన్నీ కలిపాకే కరెంటు వేయండి.

అమ్మేవారికి ఒక విన్నపం. ఈడీఐడీ నిలబెడుతుందా, 4కె ఎన్ని హెర్ట్జ్, అడాప్టర్ డబ్బాలోనే ఉందా అన్న మూడు సంగతులు బిల్లు కొట్టక ముందే చెప్పండి. అడాప్టర్ లేని స్విచ్ కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు మీదే బతకాలి. యూఎస్‌బీ 2 అయితే అది 500 మిల్లీఆంపియర్లే. వెబ్‌క్యామ్, హార్డ్‌డిస్క్ కలిపి పెడితే చాలకపోవచ్చు.

కొన్నవారు తిరిగిచ్చే గడువు లోపలే పరీక్షించుకోండి. స్విచ్‌ని ల్యాప్‌టాప్ వైపు ఉంచి డెస్క్‌టాప్‌ని రీస్టార్ట్ చేయండి. ఐదు నిమిషాలాగి డెస్క్‌టాప్ వైపు మార్చండి. రిజల్యూషన్ మునుపటిలాగే ఉంటే ఉంచుకోండి, లేకుంటే ఆ రోజే వెనక్కిచ్చేయండి.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్,
విజయవాడ