లిపిడ్ ప్రొఫైల్‌కు అందని సీసం

సంపాదకులు గారికి,

గుండె జబ్బులపై మీ పత్రికలో వ్యాసం వచ్చిన ప్రతిసారీ నూనె, ఉప్పు, సిగరెట్, నడక గురించి తప్పకుండా ఉంటుంది. వాటితో నాకు పేచీ లేదు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. ఇవి కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరినా గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు పెరుగుతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లోనే ప్రకటన ఇచ్చింది.

నేను విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్ని. రోజూ లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొలెస్ట్రాల్, కొవ్వుల పరీక్ష, రిపోర్టులు తీస్తుంటాను. అందులో చెడు కొలెస్ట్రాల్ అనుకునే ఎల్‌డీఎల్ ఎంత ఉందో తెలుస్తుంది గానీ అది ఎంత చెడిపోయి ఉందో తెలియదు. సీసం, కాడ్మియం ఒంట్లో ఆక్సీకరణను పెంచుతాయి, దాన్ని అడ్డుకునే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని హరిస్తాయి. అలా ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలో చేరి పూడికకు దారితీస్తుంది. మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్‌తో ఉండి కాపు కాసే పారాక్సోనేజ్ అనే ఎంజైమూ మందగిస్తుంది. పైగా సీసం బీపీని పెంచుతుంది. ఈ లోహాల వల్ల కొలెస్ట్రాల్ అంకె పెరుగుతుందా అంటే, కొన్ని అధ్యయనాలు అవునన్నాయి, కొన్నిటిలో తేడా కనబడలేదు. రక్తనాళాలు దెబ్బతింటాయనడానికి ఆధారాలు అంతకంటే గట్టివి. అందుకే రిపోర్టులో అన్నీ నార్మల్‌గా ఉన్నాయని సీసంతో పనిచేసే మనిషి నిశ్చింతగా ఉండటానికి లేదు.

మన ఊళ్లలో ఆ మనుషులు ఎవరంటే, పాత ఆటో, ఇన్వర్టర్ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. ఆ దుమ్ము వాళ్ల బట్టలతో పాటు ఇంటికి వస్తుంది, పిల్లల చేతులకు అంటుతుంది. ఒంట్లో చేరిన సీసంలో ఎక్కువ భాగం ఎముకల్లో దశాబ్దాల పాటు ఉండిపోతుంది. వయసు మళ్లి ఎముకలు అరిగేటప్పుడు మళ్లీ రక్తంలోకి దిగుతుంది. అప్పటికి పని మానేసి ఎన్నేళ్లయినా సరే. మన దేశంలో రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉన్న పిల్లలు సుమారు 27.5 కోట్లని 2020లో యునిసెఫ్ నివేదిక అంచనా వేసింది.

ఇక కాడ్మియం. పొగాకు మొక్క దాన్ని నేలలోంచి ఆకుల్లోకి లాగుతుంది, పొగతో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొగాకు పండించే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కూడా ఈ సంగతి ఎవరూ చెప్పుకోకపోవడం వింతే.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు, రోగుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. ఆ తర్వాత పురుగుమందుల మీదకు చర్చ మళ్లింది. అసలు కారణం ఏదైనా, కొన్ని రోజుల పాటు రాష్ట్రమంతా సీసం గురించే మాట్లాడుకుంది. మూర్ఛ వస్తే అందరికీ కనబడుతుంది. రక్తనాళం గట్టిపడుతుంటే ఏ కెమెరా రాదు.

ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని డిటాక్స్ పేరుతో డబ్బు గుంజేవాళ్లు ఇప్పటికే ఉన్నారు కాబట్టి ఒక మాట. మధుమేహం ఉండి, ఒకసారి గుండెపోటు వచ్చిన సుమారు వెయ్యి మందిపై అమెరికా, కెనడాల్లో చేసిన చిలేషన్ (లోహాలను మందుతో పట్టి ఒంట్లోంచి బయటికి పంపే చికిత్స) పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. చికిత్స పొందినవారి రక్తంలో సీసం 61 శాతం తగ్గింది గానీ గుండె సమస్యలు తగ్గలేదు. అసలు ఒంట్లో చేరకుండా చూడటంలోనే ప్రయోజనం ఉంది. చిలీలోని ఆంటోఫగస్టాలో 1958 నుంచి 1970 దాకా జనం ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్న నీళ్లే తాగారు, గుండెపోటు మరణాలు పెరిగాయి. శుద్ధి ప్లాంటు పెట్టాక అవి తగ్గుతూ వచ్చాయి. క్యాన్సర్లు మాత్రం దశాబ్దాల పాటు వదల్లేదు.

మన దగ్గర 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆగింది, 2017 నుంచి పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) పరిమితి వచ్చింది. ప్రభుత్వం తలచుకుంటే పని అవుతుంది. ఇప్పుడు బ్యాటరీ, సీసం పనివాళ్లకూ వాళ్ల పిల్లలకూ ఏటా ఉచితంగా రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. వేలికొన నుంచి తీసిన చుక్కతో నిమిషాల్లో ఫలితం చెప్పే యంత్రాలు వచ్చాయి, పెద్ద ల్యాబే అక్కర్లేదు. పారిశ్రామికవాడల పక్క ఊళ్లలో బోరునీటి పరీక్షల ఫలితాలను సచివాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. గుండె ఓపీలో డాక్టరు గారు రోగిని 'ఏం పని చేస్తారు, ఇదివరకు ఏం చేసేవారు' అని అడిగి చీటీ మీద రాయడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

- ఒక పాఠకుడు, విజయవాడ