తలగుడ్డ ఇచ్చిన బాబాయ్‌గారికి కృతజ్ఞతలు

నేను కోనసీమ లంకల్లో ఏఎన్ఎం నర్సుని. పోయిన బుధవారం టీకాల రోజు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 11.75 అడుగులు, దాటేసింది. మా కాజ్‌వే దారి మునిగింది. భుజాన వ్యాక్సిన్ క్యారియర్, అందులో నాలుగు ఐస్ ప్యాక్‌లు. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఎండేమో మాడ్చేస్తోంది. ఒకటే టెన్షన్.

మీరు కొబ్బరికాయలు దింపేసి పడవ తిప్పుకుంటున్నారు. అడక్కుండానే "ఎక్కండి నర్సమ్మగారూ" అన్నారు. తలగుడ్డ విప్పి, ఏట్లో ముంచి, పిండి, క్యారియర్ మీద కప్పారు. బురదలో కూరుకుపోయిన నా చెప్పుల కోసం కూడా దిగి వెతికారు (ఒకటే దొరికింది లెండి).

పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. కాళ్లు వాచి, బీపీ పెరిగిన నిండు గర్భిణిని సాయంత్రం మీ పడవలోనే ఒడ్డు దాటించాం. డబ్బులిస్తే తీసుకోలేదు. "మా మనవడికి సూది వేసింది మీరే కదండీ" అన్నారు. ఏ మనవడో గుర్తురాక సిగ్గేసింది. బదిలీ అర్జీ రాసి బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నదాన్ని, ఇంటికొచ్చి అది బయటికి తియ్యలేదు.

కంగారులో మీ పేరే అడగలేదు. తలగుడ్డ ఉతికి ఉంచాను బాబాయ్‌గారూ. వచ్చే బుధవారం రేవులో ఇస్తాను.